కాలు దించకుండా

మా ఆయన ఒక కాలు నేల మీద పెట్టినందుకు మూడేళ్లు నాకు పుట్టింటి గడప లేకుండా పోయింది. చెప్తే నవ్వుతారు. నవ్వండి, ఇప్పుడు నేనూ నవ్వుతాను. ఆ రెండువేల ఒకటో సంవత్సరం ఎండాకాలంలో మాత్రం నాకు నవ్వు రాలేదు.

మా ఆయన ఆదెన్న నంద్యాలలో డ్రిల్ మాస్టరు. వయసులో ఉన్నప్పుడు సైకిల్ పందేల్లో కప్పులు గెలిచాడు. వంకీ హ్యాండిల్ ఉన్న ఆ రేసు సైకిల్‌ని వరండాలో పెడితే దుమ్ము పడుతుందని మా మంచం పక్కనే పెట్టుకుంటాడు. రాత్రి లేస్తే నా మోకాలికి తగిలేది ఆ పెడలే. నా తమ్ముడు బాలస్వామికి ఆళ్లగడ్డలో ఎరువుల అంగడి. వాడికీ ఇదే పిచ్చి. ఇద్దరు పిచ్చోళ్లు బావా బామ్మర్దులయితే ఇంకేముంది, ఏటా ఒక ఆదివారం పదిమందిని పోగేసి సైకిళ్ల మీద ఎగువ అహోబిలం పోయేవాళ్లు.

వాళ్లకొక కట్టుబాటు ఉండేది. దిగువ అహోబిలంలో సైకిలెక్కిన మనిషి పైన గుడి ముందర ఆగేదాకా కాలు నేలకు దించకూడదు. దించినవాడు ఆ పూట మిగతా అందరికీ వడ్డించి, ఆఖర్న తినాలి. ఆ ఎండాకాలానికి మూడేళ్ల ముందు మూడో మలుపు దగ్గర మా ఆయన కాలు దించాడు. దించితే దించాడు, నోరు మూసుకొని సాంబారు పోస్తున్నాడు. నా తమ్ముడు ఊరుకోవచ్చు కదా!

“బావా, నీకు కాళ్ల కంటే చేతులే నయం. గరిటె బాగా తిప్పుతాండావ్,” అన్నాడట.

పదిమందీ పగలబడి నవ్వారు. మా ఆయన గరిటె బొక్కెనలో పడేసి, “కాలు దించకుండా ఈ కొండ ఎక్కిన రోజే మీ ఇంటి గడప తొక్కుతా” అని మెతుకు ముట్టకుండా ఇంటికొచ్చాడు. ఆయన తొక్కకపోతే నేనెట్లా తొక్కేది? మొగుణ్ణి ఇంట్లో వదిలి ఒంటరిగా పోతే, మా ఆళ్లగడ్డ వీధిలో ఆడవాళ్లు నన్ను బతకనిస్తారా? మూడేళ్లు అట్లానే గడిచిపోయాయి.

ఆ ఎండాకాలం తమ్ముడు పెళ్లిపిలుపుకు వచ్చాడు. వాడి కూతురు భ్రమరాంబిక పెళ్లి. నాకు పిల్లలు లేరు. మా అంబి పాలు మరిచింది నా ఒళ్లోనే, అక్షరాలు దిద్దింది నా పక్కనే. అట్లాంటి పిల్ల పెళ్లికి పిలవడానికి వచ్చి, వీడు వీధిలో నిలబడి గడప ఇవతలికి చెయ్యి చాచి కార్డు ఇస్తున్నాడు. బావ తన గడప తొక్కనప్పుడు తానెందుకు తొక్కాలని వాడి రోషం.

“అక్కా, వైశాఖంలో ముహూర్తం. నలుగు పెట్టాల్సింది మేనత్తవు నువ్వే. బావను తోలుకొని రా.”

లోపల పేపరు వెనక నుంచి గొంతు వచ్చింది. “తోలుకొని పోనీకి నేనేమన్నా మ్యాకనా?”

“మ్యాకయితే కొండ ఎక్కుండునులే అక్కా,” అన్నాడు తమ్ముడు, నావైపే చూస్తూ.

పేపరు కింద పడింది. నేను మధ్యలో నిలబడకపోతే ఆ రోజు మా గుమ్మంలో కుస్తీ పోటీలు జరిగేవి. చివరికి మా ఆయన లోపల నుంచే చాటింపు వేశాడు. “పెండ్లికి ముందొచ్చే ఆదివారం ఎక్కుతా. నీ తమ్మున్ని కూడా వచ్చి చూసుకోమను. ఎక్కితే పెండ్లికొస్తా. ఎక్కలేకపోతే నువ్వు పో, నేను రాను.”

“పోతే ఇద్దరం పోతాం. ల్యాకుంటే ఇద్దరం ల్యా,” అన్నాను నేను. రోషం మా ఇంట్లో మగవాళ్ల సొత్తేం కాదు. అనేశాక వంటింట్లోకి పోయి పొయ్యి ముందర కూర్చుని ఏడ్చాను. అంబికి వేరే ఎవరో నలుగు పెడతారని తలచుకుంటూ పొయ్యి మీద పాలు పొంగించేశాను.

మరుసటి రోజు నుంచి ఆయన సాధన మొదలయింది. నంద్యాలలో మిట్ట ఎక్కడుంది చెప్పండి? బల్లపరుపు ఊరు. ఉన్నదల్లా కె.సి. కాలువ మీద వంతెన. పొద్దున్నే ఆ వంతెన ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. పాలవాళ్లు ఆగి చూసేవాళ్లు. రెండు కుక్కలు కొన్నాళ్లు వెంట పరుగెత్తి, ఈ మనిషి ఎక్కడికీ పోవడం లేదని తెలుసుకొని పడుకునేవి.

ఇక్కడ మా ఊరి వాళ్ల తెలివి ఒకటి చెప్పాలి. పెడళ్ల దగ్గర చైను తిప్పే పళ్ల చక్రం ఉంటుంది కదా, అది ఎంత పెద్దదయితే సైకిల్ అంత గొప్పదని మా వాళ్ల లెక్క. సైకిళ్లు బాగుచేసే మా సైదా సాహెబ్ అంగట్లో సైకిల్‌ని తలకిందులు చేసి, చేత్తో పెడల్ ఒక్కసారి తిప్పి వదులుతాడు. పెద్ద చక్రమయితే వెనక టైరు గుయ్యిమని చాలాసేపు తిరుగుతుంది. చుట్టూ మూగినవాళ్లు “అబ్బబ్బా” అంటారు. చక్రం గాల్లో తిరిగితే సరా, మనిషి ఎక్కి మిట్టకు తొక్కినప్పుడు ఏమవుతుందో చూడద్దా? చూద్దామంటే ఊళ్లో మిట్టే లేదాయె! అందుకే నంద్యాలలో రేసు సైకిలంటే అన్నిటికంటే పెద్ద చక్రమే.

“చిన్న చక్రం వేయించుకుంటే కొండకు సులువు కాదా?” అన్నాను ఒక రోజు రాగిసంకటి పెడుతూ.

ఆయన ముద్ద ఆపి నావైపు చూశాడు. “మూటలేసుకొని పొయ్యేటోళ్లు వేయించుకుంటారు చిన్న చక్రం. నేనేమన్నా బియ్యం మూటలు మోస్తాండానా?”

“నా తమ్ముడు ఎక్కుతాడు కదా, వాడిది ఎంత చక్రం?”

“వానిది కూడా పెద్దదే. పందేల్లో చూడల్యా నేను! వాడు ఎక్కినప్పుడు నేను ఎక్కలేనా?” అని కోపంగా ముద్ద మింగాడు. పొలమారింది.

పెళ్లి దగ్గర పడింది. ఆయన పిక్కలు రాయిలా గట్టిపడ్డాయి గానీ, వంతెన వేరు, నల్లమల వేరు. నాకు నిద్ర పట్టడం లేదు. రవికెల గుడ్డ తెచ్చుకుంటానని చెప్పి ఆళ్లగడ్డ బస్సెక్కాను. ముందే కబురు పెట్టాను కాబట్టి, బస్టాండులో చెరుకురసం బండి వెనక అంబి నాకోసం నిలబడి ఉంది. దొంగల్లాగా కలుసుకోవాల్సి వచ్చింది అత్తా కోడళ్లం!

“అత్తా, మామ ఆ పెద్ద చక్రంతో ఎక్కలేడు,” అంది ఆ పిల్ల, రసం గ్లాసు చేతిలో పెట్టుకొని. “ఎవురూ ఎక్కలేరు. మా నాయన కూడా.”

“మీ నాయన ఏటా ఎక్కుతాండాడు కదే?”

అంబి అటూ ఇటూ చూసింది. “కొండకు పొయ్యే ముందు రోజు తలుపేసుకొని చక్రం మారుస్తాడత్తా. పెద్దది తీసి చిన్నది ఏస్తాడు. వచ్చినాక మళ్ల పెద్దది. చిన్నదాన్ని తలుపెనక మేకుకు తగిలించి పైన చొక్కా కప్పుతాడు.”

ముందు నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్లు మండింది. “వాని దుంపతెగ! దొంగ చక్రమేసుకొని నా మొగునితో సాంబారు పోయించినాడా! ఈ పొద్దే పోయి చెప్తా ఆయనకు.”

“చెప్తే మామ ఏం జేస్తాడత్తా?”

ఏం చేస్తాడు? విజిల్ ఊది ఆ పదిమందినీ పిలిచి పంచాయతీ పెడతాడు. మగపెళ్లివాళ్ల ముందర తమ్ముడి తల తీసేసినట్టవుతుంది. నలుగు మాట దేవుడెరుగు, రెండిళ్ల మధ్య గోడ ఇంకో నిలువు లేస్తుంది. చెప్పడానికి లేదు, చెప్పకుండా ఊరుకోవడానికీ లేదు. రసం చేదుగా అనిపించింది.

అప్పుడు అంబి సంచిలోంచి ఒక స్టీలు ప్లేటు తీసింది. అది నేను దాని మొదటి పుట్టినరోజుకు కొన్నది. అంచు మీద చుక్కలు చుక్కలుగా నా పేరు కొట్టించి ఉంది, ఉమామహేశ్వరమ్మ అని. దాన్ని బోర్లించి చూపించింది. అడుగున గుండ్రంగా నల్లటి గ్రీజు మరక, అంచంతా పళ్ల గుర్తులు.

“నాయన దాచిన చిన్న చక్రం తీసి దీని మీద పెట్టి చూసినా. అడుగు అంచుకు సరిగ్గా సరిపోయింది. ఇదే కొలత చక్రం మామకు ఏయించు. ఆయప్పకు చెప్పాకు.”

నా పెంపకం వృథా పోలేదు. దాన్ని అక్కడే దగ్గరికి తీసుకున్నాను, చెరుకురసం అతను చూస్తున్నా సరే.

సైదా సాహెబ్‌కి మా ఆయనంటే భయం. మా ఆయన విజిల్ దెబ్బకు వణికిన పాత శిష్యుడే మరి. విషయం చెప్పగానే చేతిలో పానా జారింది.

“ఖుదా కసమ్, నావల్ల కాదక్కా. మాస్టరు కనిపెడితే నా అంగడికి తాళమే.”

“కనిపెట్టకుండా ఏసేదే నీ పని. ఏమేం చక్రాలున్నాయో తియ్యి.”

గొణుక్కుంటూ గోనెపట్టా పరిచి మూడు పెట్టాడు. ఒకటి మా సైకిల్‌కి ఉన్నలాంటి చేటంత చక్రం. ఒకటి మధ్యరకం. ఇంకొకటి పిల్లల సైకిల్‌ది, అరచేతి కంటే కొంచెం పెద్దది. చిన్నదాన్ని చూడగానే అతనికి హుషారొచ్చింది.

“ఇది ఎయ్యి అక్కా! దీంతో అయితే గోడ కూడా ఎక్కుతాడు మాస్టరు.”

“గోడ ఎక్కుతాడు సరే, ఆళ్లగడ్డ దాకా చదును రోడ్డు ఎవురు తొక్కుతారు? ఆయన కాళ్లు కుట్టుమిషను మాదిరి తిరుగుతాయి గానీ బండి కదలదు. పొద్దుగూకినాక చేరితే గుడి తలుపులు మూస్తారు.”

“అట్లయితే పెద్దదే ఉండనీలే. చదునుకు అదే రాజా.”

“రాజా మూడో మలుపులో కాలు దించుతాడు.”

సైదా సాహెబ్ తల గోక్కున్నాడు. చదునుకు పనికొచ్చేది కొండకు రాదు, కొండకు వచ్చేది చదునుకు రాదు. నేను సంచిలోంచి ప్లేటు తీసి బోర్లించాను. మధ్యరకం చక్రం దాని మీద పెట్టాను. గ్రీజు మరకలోని ఒక్కొక్క పన్ను గుర్తు మీద ఒక్కొక్క పన్ను కూర్చుంది. ఎంత ముద్దొచ్చిందో ఆ చక్రం! “ఇదే,” అన్నాను.

శనివారం ఆయనే సైకిల్ తీసుకెళ్లి ఆయిలు వెయ్యమని అంగట్లో వదిలాడు. సైదా సాహెబ్ పెద్ద చక్రాన్ని, పెడల్ తగిలించే క్రాంకు కడ్డీతో సహా ఊడదీసి, మధ్యరకం బిగించి, చైనులో లింకులు తగ్గించి, కొత్త మెరుపు కనబడకుండా మసి పూశాడు. ఊడదీసినది గుడ్డలో చుట్టి నాకు తెచ్చిచ్చాడు. బియ్యం డబ్బాలో అడుగుకు తోసి పైన బియ్యం పోశాను.

ఆదివారం ఇంకా వెలుతురు రాకముందే ఆయన బయల్దేరాడు. మా వీధివాళ్లు కొబ్బరికాయ కొట్టారు. నేనూ, రిపేరు వస్తే కావాలని సైదా సాహెబూ జీపులో వెనకే వెళ్లాం. దారంతా సైదా సాహెబ్ దువా చదువుతూనే ఉన్నాడు. ముందర ఆయన కాళ్లు ఎప్పటికంటే జోరుగా తిరుగుతున్నాయి. శిరివెళ్లలో టీకి ఆగాడు. టీ తాగాడు, గ్లాసు పెట్టాడు, సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు, టవల్‌తో సీటు తుడుచుకున్నాడు, ఎక్కి వెళ్లిపోయాడు. సైదా సాహెబ్ టీ చొక్కా మీద పోసుకున్నాడు.

“చూసినాడంటావా అక్కా?”

“చూసుంటే శిరివెళ్ల అంతా వినపడుండునులే,” అన్నాను.

ఆళ్లగడ్డలో తమ్ముడు తన సైకిల్‌తో తయారుగా ఉన్నాడు. బావా బామ్మర్దులు పలకరించుకోలేదు, పక్కపక్కనే తొక్కుతూ పోయారు. జీపులో నా పక్కన కూర్చున్న అంబి చెవిలో చెప్పింది, “రాత్రి నాయన తలుపేసుకున్న్యాడత్తా.” ప్లేటు దానికి తిరిగిచ్చేశాను.

దిగువ అహోబిలం దాటాక ఎక్కుడు మొదలయింది. ఎండ ఎక్కింది. అడవిలో ఆకు కదలడం లేదు. మొదటి మలుపు, రెండో మలుపు బాగానే పోయాయి. మూడో మలుపు దగ్గర ఆయన సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతున్నాడు. వీపంతా చెమట. ముందు టైరు పాములా అటూ ఇటూ పోతోంది. ఎడమ కాలు ఒక్క క్షణం పెడల్ మీంచి లేచినట్టయింది. అంబి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను నోరారా మొక్కుకున్నాను.

పైనుంచి కట్టెల మోపుతో ఒక చెంచు అవ్వ దిగుతోంది. ఈయన్ని చూసి ఆగి, “తొందరపడాకప్పా. మా అల్లుడు యాడికీ పోడు, ఆడనే కూచోనుంటాడు. నిమ్మళంగా పో,” అంది.

చెంచులక్ష్మిని ఇచ్చారు కాబట్టి ఆ నరసింహస్వామి వాళ్లకు అల్లుడే. మా ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే సీటు మీద కూర్చున్నాడు. కూర్చుని నిమ్మళంగా తొక్కాడు. చక్రం తిరిగింది, ఇంకోసారి తిరిగింది, మలుపు వెనక్కి పోయింది. నేను జీపులోంచే కేక వేశాను, ఏమని వేశానో నాకే తెలియదు.

గుడి ముందర చేరాక కూడా మనిషి దిగలేదు. అక్కడున్న కాస్త జాగాలో గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు. భక్తులు పక్కకు జరిగారు. కోతులు గోడెక్కాయి. ఆయన వెనకే చేరి ఒక పక్క సైకిల్ ఆపి దిగిన తమ్ముడు చూస్తున్నాడు.

“దించొచ్చునా?” అని అడిగాడు మా ఆయన, తిరుగుతూనే.

“దించు బావా,” అన్నాడు తమ్ముడు.

“గట్టిగా చెప్పు.”

“దించు బావా! నువ్వు ఎక్కినావు!”

అప్పుడు దించాడు. సైకిల్‌ని తీసుకెళ్లి తమ్ముడి సైకిల్ పక్కనే గోడకు ఆనించాడు. రెండు పళ్ల చక్రాలు పక్కపక్కన. కవలపిల్లల మాదిరి ఒకటే కొలత. తమ్ముడు వంగి మా ఆయన చక్రం చూశాడు. మా ఆయన వాడి చక్రం చూశాడు. సైదా సాహెబ్ జీపు వెనక దాక్కున్నాడు.

తమ్ముడు మొహం తుడుచుకున్నాడు. “ఆకలయితాంది బావా. ఇంటికి పోదాం పా.”

“ఈ పొద్దు ఎవురు వడ్డించేది?” అన్నాడు మా ఆయన.

“నేను.”

“నువ్వు కాలు దించల్యా కదా?”

“దించల్యా. అయినా నేనే వడ్డిస్తా.”

మా ఆయన తన టవల్ తీసి వాడి భుజం మీద వేశాడు. నేను గుడి మెట్ల మీద కూర్చుని అందరూ చూస్తుండగానే ఏడ్చాను. ఈసారి సంతోషంతో.

ఆ మధ్యాహ్నం మూడేళ్ల తర్వాత నా పుట్టింటి గడప దాటాం. తమ్ముడు గరిటె పట్టుకొని వంగి వంగి వడ్డించాడు. అంబి కావాలనే చేసిందో, తొందరలోనో, మా ఆయనకు నా పేరున్న ప్లేటే పెట్టింది. ఆయన అన్నం వేయకముందు దాన్ని తిప్పి అడుగు చూశాడు. ఎంత తోమినా గ్రీజు పూర్తిగా పోతుందా! మళ్లీ సరిగ్గా పెట్టుకొని, “పప్పు ఇంకొంచెం ఎయ్యి,” అన్నాడు తమ్ముడితో.

సైకిల్ జీపు వెనక కట్టుకొని తిరిగొస్తుంటే ఇక ఉండబట్టలేక అడిగాను. “నీకు శిరివెళ్లలో తెలిసిందా?”

“నంద్యాల దాటకముందే తెలిసింది. నా కాళ్లకు తెల్దా నా చక్రం?”

“మరి దిగి అరవల్యా ఎందుకు?”

ఆయన బయటికి, పొలాల వైపు చూస్తున్నాడు. “అరిస్తే నువ్వు నలుగు ఎట్ల పెడతావ్?” అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నలుగు నేనే పెట్టాను. పసుపు మోచేతుల దాకా పూసి పూసి పెట్టాను. పెళ్లయ్యాక కొత్త జంటను విందుకు మా ఇంటికి పిలిచాం. అల్లుడు మల్లికార్జునది పాణ్యం, మోటారు సైకిల్ తప్ప ఎక్కని మనిషి. భోజనాలయ్యాక బావా బామ్మర్దులు అతన్ని చెరో పక్క పట్టుకొని కూర్చున్నారు.

“మా ఇండ్లల్లో ఒక కట్టుబాటు ఉంది నాయనా,” అన్నాడు మా ఆయన, డ్రిల్ మాస్టరు గొంతుతో. “అల్లుడనేటోడు కాలు దించకుండా కొండ ఎక్కాల.”

“ల్యాకుంటే అందరికీ వడ్డించి ఆఖర్న తినాల,” అన్నాడు నా తమ్ముడు, పొల్లు పోకుండా.

“సైకిల్ నేనే ఇస్తా. ఉమా, ఆ బియ్యం డబ్బాలో ఉండే పెద్ద చక్రం తీసుకురా. అల్లునికి బిగిద్దాం.”

బియ్యం డబ్బా సంగతి కూడా తెలుసా ఈ మనిషికి! ఇద్దరూ మొహాల్లో చిన్న నవ్వు కూడా లేకుండా కూర్చున్నారు. పాపం ఆ అబ్బాయి, “అట్లనే మామా, ఎక్కుతా,” అంటున్నాడు.

వంటింట్లోకి పోయి బియ్యంలో చెయ్యి పెట్టాను. వెనక గాజుల చప్పుడయింది. అంబి, కొంగు కింద ఏదో దాచుకొని వచ్చింది. తీసి చూపించింది. స్టీలు ప్లేటు.

“అత్తా, సైదా సాహెబ్ దగ్గర ఈ కొలతది ఇంకొకటి ఉంటాదా?”